దీర్ఘకాలిక నొప్పులకు మకాం వైద్యం: రిసార్టులో తగ్గేదెంత, ఇంటికొచ్చాక నిలిచేదెంత

ఎముకల డాక్టరు రాసిన బిళ్లలు వాడారు. ఫిజియోథెరపీకి పది రోజులు వెళ్లి మానేశారు. ఎమ్మారై కూడా తీయించారు. నొప్పి మాత్రం అక్కడే ఉంది. విజయవాడ, గుంటూరు ప్రాంతంలో నడుం, మోకాలు, మెడ నొప్పులతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న చాలామందికి ఈ దశలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: ప్రకృతి చికిత్సాలయంలోనో, ఆయుర్వేద రిసార్టులోనో రెండు మూడు వారాలు ఉండి వస్తే నయమవుతుందా? వెళ్లొచ్చినవాళ్లను అడిగితే అయోమయం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు మెట్లెక్కగలుగుతున్నానని ఒకరంటారు. అక్కడున్నన్నాళ్లూ హాయిగా ఉంది, ఇంటికొచ్చిన నెలకే మళ్లీ మొదలైందని ఇంకొకరంటారు. రెండూ నిజమే. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో చూస్తే, ఈ వైద్యం మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది కూడా కొంత తేలుతుంది.

క్లుప్తంగా

ఒకచోట మకాం ఉండి చేయించుకునే వైద్యం కొన్ని రకాల దీర్ఘకాలిక నొప్పులను ఓ మోస్తరుగా తగ్గిస్తుందనడానికి ఆధారాలున్నాయి. మెల్లగా పెంచుతూ పోయే వ్యాయామం, కుదుటపడిన నిద్ర, సాటి రోగుల సావాసం, నొప్పి మీద భయం పోగొట్టే బోధన ఆ మేలులో ముఖ్యమైన భాగం. సొంత ఊళ్లో కొనసాగింపు ఉన్నచోట అది నెలల తరబడి నిలిచింది. మన ప్రాంతంలో మకాములున్నాయి, కొనసాగింపు లేదు.

నొప్పి తానే జబ్బుగా మారే తీరు

మూడు నెలలు దాటినా వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దీనికి విడిగా కోడ్‌లు ఇచ్చింది. దాంతో మరో జబ్బు లక్షణంగా మాత్రమే కాకుండా, నొప్పినే ఒక జబ్బుగా నమోదు చేసే వీలు కలిగింది. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, ఫలానా కారణమని తేలని నడుంనొప్పి ఈ కోవలోకి వస్తాయి.

స్కానింగులో కనిపించేదానికీ మనిషి పడే బాధకూ పొంతన అంతగా ఉండదు. నడుంనొప్పి లేనివాళ్ల వెన్నెముక స్కానింగులపై వచ్చిన అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వెలువడింది. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కులో అరుగుదల కనిపించింది. ఎనభైల్లో ఉన్నవాళ్లలో అది 96 శాతం. అయినా ఎమ్మారై రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని ఉంటే చాలు, బిందె ఎత్తడం, కింద కూర్చోవడం ఇక జన్మలో చేయకూడదని మానేసేవాళ్లు ఎందరో.

నష్టం అక్కడే మొదలవుతుంది. వంగితే ఏమవుతుందోనన్న భయంతో కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే కండ కరుగుతుంది, బరువు పెరుగుతుంది, చిన్న పనికే కీళ్ల మీద భారం ఎక్కువవుతుంది. రాత్రి నిద్ర పట్టదు. నిద్ర కరువైన ఒంటికి మర్నాడు అదే నొప్పి ఇంకా తీవ్రంగా తెలుస్తుంది. ఈలోగా వెన్నుపాములో, మెదడులో నొప్పిని మోసుకెళ్లే మార్గాలు అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. దొంగ వెళ్లిపోయాక కూడా తెల్లవార్లూ మొరిగే కుక్కలా, మొదటి గాయం మానినా అవి హెచ్చరికలు పంపుతూనే ఉంటాయి. అందుకని ఇదంతా మనసులోదే అని రోగిని తోసేయడం అన్యాయం. నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం. దాన్ని నడిపించేది కీలు ఒక్కటే కాదు, అంతే. కీలుకు మాత్రమే చేసే వైద్యం చాలామందిలో చాలకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతపు పనులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోల టిక్కీలు మోసే హమాలీలు, తొడిమలు తీస్తూ పొద్దంతా నేల మీద కూర్చునే ఆడవాళ్లు, డెల్టాలో నడుం వంచి నాట్లు వేసే కూలీలు, విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద దూరి పనిచేసే మెకానిక్కులు, బట్టల షాపుల్లో పూటంతా నిలబడే అమ్మాయిలు. వీళ్లలో చాలామందికి నొప్పి పని వల్లే మొదలవుతుంది. ఆ పని ఆపే వీల్లేక మానదు. 2006 నాటి చికున్‌గున్యా తర్వాత కీళ్లనొప్పులు నెలలు, ఏళ్లు వదలనివాళ్లూ ఉన్నారు.

వీళ్లకు తేలిగ్గా అందేవి మందుల షాపులో దొరికే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ బిళ్లలు, ఆర్ఎంపీ వేసే నొప్పి సూది. కడుపులో పుండ్లు, గుండెకు ముప్పు సరే, ఇక్కడి వేసవిలో మరో ప్రమాదం కూడా ఉంది. చెమటలు కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందులు మూత్రపిండాలకు చేరే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. కొన్ని రకాల బీపీ బిళ్లలు కూడా వాడుతుంటే ముప్పు మరింత పెరుగుతుంది. మే నెల ఎండలో బస్తాలు మోస్తూ, సాయంత్రానికి నొప్పి బిళ్ల వేసుకునే మనిషి పరిస్థితి ఇదే. మందు లేని దారి వెతకడానికి ఈ ఒక్క కారణమే చాలు.

యూరప్‌లో ఈ మకాముకు డబ్బు కట్టేదెవరు

ఊరు వదిలి నీటి బుగ్గల దగ్గర మకాం పెట్టడం యూరప్‌లో ఒకప్పుడు కలిగినవాళ్ల అలవాటు. ఇప్పుడు కొన్ని దేశాల్లో అది ప్రజారోగ్య వ్యవస్థలో భాగం. ఫ్రాన్స్‌లో గుర్తించిన జబ్బులకు డాక్టరు రాసిస్తే 18 రోజుల చికిత్స ఉంటుంది. వైద్య ఖర్చులో 65 శాతం ప్రభుత్వ ఆరోగ్య బీమా భరిస్తుంది. జర్మనీలో మామూలుగా మూడు వారాల పునరావాస వైద్యం ఇస్తారు. పనిచేసే వయసులో ఉన్నవాళ్ల విషయంలో ఆ ఖర్చు ప్రధానంగా పింఛను బీమా సంస్థది.

వైద్యానికి పింఛను సంస్థ డబ్బు కట్టడమేమిటన్న సందేహం సహజం. నలభై అయిదేళ్ల కార్మికుడు నడుంనొప్పితో పని మానేస్తే, పూర్తి వయసు వచ్చేదాకా అతనికి వైకల్య పింఛను ఇవ్వాల్సింది ఆ సంస్థే. దాంతో పోలిస్తే మూడు వారాల మకాం చాలా చౌక. "ముందు పునరావాసం, ఆ తర్వాతే పింఛను" అన్న సూత్రం అక్కడి చట్టంలోనే ఉంది. రోగి కోలుకుంటే ఎవరి డబ్బు మిగులుతుందో, వైద్యానికి వాళ్లే చెల్లిస్తున్నారు. ఆ ఏర్పాటు నిలబడటానికి ఇదే అసలు మూలం.

రెండో సంగతి, మకాం ముగిశాక జరిగేది. డాక్టరు రాస్తే సొంత ఊళ్లోనే బృందంగా చేసే వ్యాయామ తరగతులు ఉంటాయి. సాధారణంగా 18 నెలల్లో 50 తరగతులు, ఖర్చు ఆరోగ్య బీమాది. డాయిచె రోయ్మా-లీగా అనేది కీళ్లజబ్బుల రోగులు తమకోసం నడుపుకునే పెద్ద సంఘం. అది ఊరూరా వ్యాయామశాలల్లో, గోరువెచ్చని నీటి కొలనుల్లో బృందాలను నడుపుతుంది. అంటే రిసార్టు ఒక గొలుసులో ఒక లంకె. ముందు కుటుంబ వైద్యుడు, తర్వాత మూడు వారాలు, ఆ తర్వాత ఏడాది పైచిలుకు సాటి రోగులతో కసరత్తు.

నీళ్ల పాత్ర ఎంత, నియమం పాత్ర ఎంత

వేడినీళ్లు చేసే మేలు కొంత భౌతికశాస్త్రమే. నడుంలోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. నేల మీద నాలుగడుగులు వేయలేని మోకాలు నీళ్లలో పావుగంట నడవగలుగుతుంది. వెచ్చదనానికి బిగిసిన కండరాలు సడలుతాయి. ఫైబ్రోమయాల్జియాకూ, మోకాళ్ల అరుగుదలకూ నీటిలో చేసే వ్యాయామం కొంత మేలు చేస్తుందని, ఒకే చికిత్సపై వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు తేల్చాయి. కీళ్లు వాచి దెబ్బతినే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఊరికే ఖనిజ జలాల్లో కూర్చోబెట్టే చికిత్సపై 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష మాత్రం సరిపడా ఆధారాలు లేవంది. కదిలితే ఒక ఫలితం, కూర్చుంటే ఒక ఫలితం.

మకాం వైద్యాన్ని పరీక్షించిన అధ్యయనాల్లో రెండింటిని ప్రత్యేకంగా చూడాలి. ఫ్రాన్స్‌లో మోకాళ్ల అరుగుదల ఉన్న 462 మందిపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. అందరికీ మామూలు వైద్యం, ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు ఇచ్చి, సగం మందిని అదనంగా మూడు వారాలు నీటి బుగ్గల దగ్గర చేసే స్పా చికిత్సకు పంపారు. ఆరు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవాళ్లు స్పా బృందంలో 51 శాతం దాకా, రెండో బృందంలో 36 శాతం. తేడా ఉంది, కానీ స్పాకు వెళ్లినవాళ్లలోనూ దాదాపు సగం మందికి ఆ మేరకు గుణం కనిపించలేదు. పైగా తాను స్పాకు వెళ్లానో లేదో రోగికి తెలియకుండా ఉంచడం కుదరదు కాబట్టి, నయమవుతుందన్న నమ్మకం చేసే మేలును ఇందులోంచి విడదీయలేం.

రెండోది 2001లో వచ్చిన డచ్ అధ్యయనం. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్న 120 మందిని మూడు బృందాలు చేశారు. రెండు బృందాలను ఆస్ట్రియాలో, నెదర్లాండ్స్‌లో ఉన్న స్పాలకు మూడు వారాలు పంపారు. మూడో బృందం ఇంటి దగ్గరే మందులు వాడుతూ వారానికోసారి బృంద ఫిజియోథెరపీకి వెళ్లింది. స్పాలకు వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చాక మరో 37 వారాలు అదే వారపు తరగతులకు హాజరయ్యారు. ఆస్ట్రియా వెళ్లిన బృందంలో మేలు 40 వారాల దాకా కనిపించింది. ఈ ఫలితాన్ని ప్రకటనల్లో వాడుకునేటప్పుడు ఆ 37 వారాల సంగతి వదిలేస్తే అర్థమే మారిపోతుంది.

నడుంనొప్పిపై విడిగా చూసినా ఇదే దిశ. 41 పరిశోధనలను కలిపి చూసిన 2014 కాక్రేన్ సమీక్ష ప్రకారం, శరీరం, మనసు, పని పరిస్థితి మూడింటినీ కలిపి చూసే పునరావాసం మామూలు వైద్యం కన్నా మెరుగు. ఆ మెరుగు ఓ మోస్తరే. ఫైబ్రోమయాల్జియాపై యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య 2016 నాటి సిఫారసుల్లో గట్టిగా బలపరిచిన ఏకైక చికిత్స వ్యాయామం. దీర్ఘకాలిక నడుంనొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా బోధన, వ్యాయామం, మానసిక చికిత్సల వైపే మొగ్గాయి. మన దగ్గర విరివిగా వాడే, నడుమును బరువులతో లాగే ట్రాక్షన్‌నూ, నడుం బెల్టునూ మామూలు చికిత్సగా ఇవ్వొద్దని ఆ పత్రం చెబుతోంది.

సావాసం సంగతి అంకెల్లో పట్టుబడటం కష్టం. అమెరికాలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1926లో జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్‌ను కొని పోలియో బాధితుల కేంద్రంగా మార్చారు. అక్కడి వెచ్చని నీళ్లు పక్షవాతాన్ని పోగొట్టలేదు. రూజ్‌వెల్ట్‌కే మామూలు నడక తిరిగి రాలేదు. కానీ కండరాలకు కసరత్తు దొరికింది, తమలాంటివాళ్ల మధ్య దాపరికం లేకుండా బతికే చోటు దొరికింది. నొప్పితో ఉన్న మనిషికి ఇంట్లో దొరకనిది చాలాసార్లు ఈ రెండోదే. కోడలు వంగలేకపోతే పని దొంగ అంటారు, అత్త మూలిగితే వయసైపోయిందంటారు. అదే బాధ ఉన్న పదిమంది మధ్య ఆ వివరణలు ఇచ్చుకునే పని ఉండదు.

కృష్ణ ఒడ్డున ఉన్నదేమిటి

మన దేశంలో మకాం వైద్యానికి ప్రకృతి చికిత్స రూపంలో సొంత చరిత్ర ఉంది. పుణె దగ్గర ఉరుళికాంచన్‌లో గాంధీజీ 1946లో ప్రకృతి చికిత్సాశ్రమానికి నాంది పలికారు. తెలుగునాట భీమవరం ప్రాంతం ఈ వైద్యానికి పాత చిరునామా. ఇప్పుడు విజయవాడకు ఎదురుగా, ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయం ఉంది. ఉప్పు, నూనె లేని తిండి, ఉపవాసం, ఎనిమా, మట్టి పట్టీలు, యోగా వంటివి ఈ సంప్రదాయంలో వినపడే మాటలు. ఆయుర్వేదం వైపు విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది.

వీటిలో నొప్పికి ఏది పనిచేస్తుందని విడదీసి చూస్తే, మోకాళ్ల విషయంలో ముందు నిలిచేది బరువు తగ్గడం. అధిక బరువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుగునా పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని అమెరికన్ పరిశోధకులు 2005లో లెక్కగట్టారు. తిండి అదుపు, వ్యాయామం కలిస్తే నొప్పి తగ్గుతుందన్నదానికి మంచి ఆధారాలున్నాయి. యోగా వల్ల నడుంనొప్పిలో కొద్దిపాటి మేలు ఉందని కాక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. ఎనిమాకూ, మట్టి పట్టీకీ ఆ స్థాయి ఆధారం లేదు. మకాములో తగ్గిన బరువు ఇంటికొచ్చాక పచ్చళ్లు, పిండివంటల మధ్య ఎన్నాళ్లు నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. పైన చెప్పిన నెలకే మళ్లీ మొదలైందన్న మాటకు సమాధానం చాలావరకు ఇందులోనే ఉంది.

ఇక డబ్బు. ఆరోగ్య బీమా పాలసీల్లో ఉండాల్సిన మినహాయింపులకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఒకే తీరు పదజాలం ఖరారు చేసింది. అందులో అయిదో నంబరు మినహాయింపు విశ్రాంతి చికిత్స, పునరావాసానికి సంబంధించింది. పదమూడో నంబరు స్పాలు, ప్రకృతి చికిత్సాలయాలు, అలాంటి చోట్ల చేయించుకునే వైద్యానికి సంబంధించింది. 2024 ఏప్రిల్ నుంచి ఆయుష్ వైద్యాన్ని మిగతా వైద్యంతో సమానంగా చూడాలని బీమా సంస్థలను ఆదేశించినా, అది నిబంధనలకు లోబడిన ఆయుష్ ఆసుపత్రుల్లో చేరికకు వర్తించేదే. రిసార్టు గది అద్దె దానంతటదే అందులోకి రాదు. పాలసీ పత్రంలో ఈ రెండు మినహాయింపులు ఉన్నాయో లేదో చూసుకున్నాకే అడ్వాన్సు కట్టడం మంచిది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చి చేసే చికిత్సల ప్యాకేజీల చుట్టూ అల్లింది. వారం వారం వ్యాయామం లాంటి వైద్యానికి అందులో చోటు దొరకడం కష్టం.

ఫలితంగా జర్మనీలో కార్మికుడికి అందేది ఇక్కడ సొంత డబ్బున్నవాళ్లకే అందుతోంది. కూలీకి గది అద్దె కంటే పెద్ద ఖర్చు మూడు వారాల కూలి పోవడం.

ముందు ఆసుపత్రికి వెళ్లాల్సిన నొప్పులు

నడుంనొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా గంటల్లో ఆసుపత్రికి చేరాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు పెరిగే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ, క్యాన్సర్ లేవని ముందు తేల్చుకోవాలి. వేళ్ల చిన్న కీళ్లు వాచి, పొద్దున్నే గంటసేపు బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దానికి మందు ఎంత త్వరగా మొదలైతే కీళ్లు అంత దక్కుతాయి. ఉపవాసాలతో తగ్గుతుందని ఆ మందు ఆపేస్తే, నొప్పి తాత్కాలికంగా శాంతించినా లోపల కీలు దెబ్బతింటూనే ఉంటుంది. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వంటి చోట్ల ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చిన ఎముకల నొప్పికి ముందు మార్చాల్సింది తాగే నీళ్లను. షుగరు మందులు వాడేవాళ్లు మోతాదు సరిచేసుకోకుండా ఉపవాసం చేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇవేవీ లేవని తేలాక చేరదలచుకుంటే అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. నొప్పి మార్కులతో పాటు నడక, మెట్లు, నిద్ర కూడా మొదట్లో, చివర్లో కొలుస్తారా? రోజులో ఎన్ని గంటలు రోగి తాను కదులుతాడు, ఎన్ని గంటలు పడుకుని చేయించుకుంటాడు? పాత మందుల్ని డాక్టరుతో మాట్లాడకుండా ఆపిస్తారా? వెళ్లేటప్పుడు ఇంట్లో చేయాల్సిన కసరత్తు వారం వారీగా రాసిస్తారా, మూడు నెలల తర్వాత ఒకసారైనా పిలుస్తారా? చివరి ప్రశ్నకు జవాబు లేని చోట, ఎంత మంచి గది ఇచ్చినా అది విశ్రాంతి యాత్ర కిందికే వస్తుంది.

కొనసాగింపు వార్డులో సాధ్యమా

ఊరే రోగి భారాన్ని పంచుకునే పద్ధతికి మన పక్కనే నమూనా ఉంది. కోళికోడ్‌లో 1993లో మొదలైన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ నుంచి పెరిగిన ఉద్యమం కేరళ అంతటా ఇరుగుపొరుగు వలంటీర్లతో నడిచే సేవగా విస్తరించింది. 2008లో ఆ రాష్ట్రం పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విధానమే ప్రకటించింది. అది ప్రధానంగా నయం కాని జబ్బుల్లో ఉన్నవాళ్ల కోసం పుట్టింది. నడుంనొప్పి రోగికి కావలసింది ఇంటికొచ్చి చూసే నర్సు కన్నా ఇంట్లోంచి బయటికి పిలిచే బృందం. వలంటీర్లు, స్థానిక సంస్థల డబ్బు, దగ్గర్లోని ఆసుపత్రి పర్యవేక్షణ అన్న ఏర్పాటును మాత్రం అలాగే తీసుకోవచ్చు.

ఇక్కడ ముడిసరుకు తక్కువేమీ కాదు. డ్వాక్రా సంఘాల మహిళలు ఎలాగూ క్రమం తప్పకుండా కూడతారు. విజయవాడ మున్సిపల్ స్టేడియంలో, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియంలో తెల్లవారుజామునే నడిచే బృందాలున్నాయి. 2025లో యోగాంధ్ర పేరుతో నెల రోజులు సాగిన కార్యక్రమం ఊరూరా జనాన్ని యోగాకు కూడగట్టింది. ఎండాకాలంలో పొద్దెక్కాక నడవడం కుదరని ఈ ఊళ్లలో మున్సిపల్ ఈతకొలనులో వారానికి రెండు గంటలు మోకాళ్ల రోగులకు కేటాయించినా, జర్మన్ రోగుల సంఘం చేసే పనికి దగ్గరగా వస్తుంది. లోటు ఉన్నది నిపుణుల దగ్గర. వార్డు స్థాయిలో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త కనిపిస్తారు, ఫిజియోథెరపిస్టు కనిపించడు. ఒక ఫిజియోథెరపిస్టు వారానికో వార్డు తిరుగుతూ బృంద నాయకులకు నేర్పితే, మిగిలిన రోజులు బృందమే నడుపుకోగలదు.

దీనికి ఎవరు చెల్లించాలన్న ప్రశ్నకు జర్మన్ అనుభవం ఒక దారి చూపుతోంది. అక్కడి పింఛను సంస్థకు మన దగ్గర అతి దగ్గరి పోలిక ఈఎస్ఐ. జబ్బుతో పనికి రాలేని కార్మికుడికి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం చెల్లించేది అదే. నడుంనొప్పితో సెలవు పెట్టిన ప్రతి రోజూ ఆ సంస్థకు ఖర్చే. విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఆటోనగర్ వర్క్‌షాపుల్లో, బట్టల షాపుల్లో ఈఎస్ఐ ఉన్నవాళ్లకు అక్కడి నుంచే మూడు వారాల పగటిపూట పునరావాసం, ఆ తర్వాత వారపు తరగతులు మొదలుపెట్టడానికి కొత్త రిసార్టు కట్టనక్కర్లేదు. మిర్చి యార్డు హమాలీలు చాలావరకు ఈ గొడుగు బయటే ఉన్నారు. అయితే వాళ్లకు వేరే వెసులుబాటు ఉంది. మే, జూన్ నెలల్లో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, అప్పుడు బస్తాలు కదలవు. ఆ వారాల్లో మార్కెట్ కమిటీ, గుంటూరు ప్రభుత్వాసుపత్రి కలిసి యార్డు షెడ్డులోనే పొద్దున పూట శిబిరం పెడితే కూలి పోకుండా కసరత్తు నేర్చుకోవచ్చు. యార్డు తెరిచాక బస్తా ఎత్తే తీరును అదే ఫిజియోథెరపిస్టు వచ్చి సరిదిద్దవచ్చు.